ఎండీఏ ఎక్కువ అని రిపోర్ట్ వచ్చింది, నాన్న గుండెకు ప్రమాదమా?

శ్రావణి, విజయవాడ:
నాన్నకి 61 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లు. మొన్న ఫుల్ బాడీ చెకప్‌లో ఎండీఏ ఎక్కువ ఉందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది, పక్కన 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అని రాశారు. ఆ కాగితం చూసినప్పటి నుంచి ఆయనకి ఒకటే టెన్షన్, రాత్రి లేచి కూర్చుంటున్నారు. ల్యాబ్ వాళ్లు విటమిన్ ఇ గొట్టం మాత్రలు వాడమన్నారు. ఎవరికైనా అనుభవం ఉందా?

ల్యాబ్ మనిషి:
శ్రావణి గారూ, నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లోనే పనిచేస్తాను. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఒంట్లో ఫ్రీ రాడికల్స్, అంటే కణాలను దెబ్బతీసే అణువులు పెరుగుతాయి. దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. అవి కొవ్వును దెబ్బతీసినప్పుడు మిగిలే పదార్థమే ఎండీఏ (మాలోన్‌డైఆల్డిహైడ్). అలా పాడైన చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్‌ని రక్తనాళం గోడలోని కణాలు మింగి, అక్కడ పూడిక మొదలవుతుంది. కాబట్టి గుండెతో సంబంధం నిజమే. కానీ ఎండీఏ ఇంత దాటితే గుండెపోటు వస్తుందని చెప్పే హద్దు ఏదీ లేదు. చాలాచోట్ల వాడే పద్ధతిలో సీరంని రసాయనంతో వేడిచేసి గులాబీ రంగు ఎంత వచ్చిందో కొలుస్తారు. వేరే పదార్థాలూ అదే రంగు ఇస్తాయి. ఆ ఒక్క అంకెతో నాన్నగారి నిద్ర చెడగొట్టకండి.

కరీంనగర్ అల్లుడు:
మా అత్తమ్మ ఆ గొట్టాలు మూడేళ్లు మింగింది. అవి ఉన్నాయి కదా అని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మానేసింది, నాకు ఇప్పటికీ బాధే. హోప్ అనే వైద్య పరిశోధనలో 9,500 మందికి పైగా చూశారు, రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదని 2000లో తేలింది. 2005లో వచ్చిన తర్వాతి ఫలితాల్లో విటమిన్ వాడినవాళ్లకే హార్ట్ ఫెయిల్యూర్ ఎక్కువ కనిపించింది. అదే షుగర్ వాళ్లకి అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 10 మి.గ్రా. ఇచ్చిన కార్డ్స్ అనే పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి.

పద్మ, రాజమండ్రి:
మావారు నిరుడు ఇడ్లీ తింటూ తింటూ చెమటలతో తడిసిపోయారు. ఛాతీలో నొప్పి లేదు. గ్యాస్ అనుకుని సోడా తాగించాను. గంట తర్వాత ఈసీజీ తీస్తే గుండెపోటు! షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే నొప్పి తెలియకపోవచ్చట. ఆసుపత్రిలో చూస్తే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ 180, ఉండాల్సింది 30 లోపు. కిడ్నీకే కాదు, గుండెకి కూడా అది హెచ్చరికేనట. పదేళ్లలో ఒక్కసారీ ఆ పరీక్ష చేయించలేదమ్మా. మీ నాన్నగారికి చేయించారా?

శ్రావణి:
లేదు పద్మ గారూ. పాత ఫైల్ ఇప్పుడే తీశాను. ఎల్‌డీఎల్ 128. స్టాటిన్ గురించి అడిగితే, కాళ్లు లాగుతున్నాయని ఉగాదికి ముందే మానేశానన్నారు, మాకెవరికీ చెప్పలేదు. రేపు పొద్దున మూత్రం శాంపిల్ ఇచ్చి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.