అప్‌డేట్: ప్యానిక్ అవుతున్న కెర్నెల్ దారికొచ్చింది

రిమోట్ ఉబుంటు సర్వర్‌లో కొత్త కెర్నెల్ (సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్) ప్యానిక్ అవుతోంది, అంటే బూట్‌లోనే ఆగిపోతోంది, పాతదానితో నెట్టుకొస్తున్నానని అడిగాను కదా, తేలింది. కెర్నెల్‌ది తప్పు కాదు. బూట్ పార్టిషన్ నిండి ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నెల్ వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) తయారవలేదు, అందుకే రూట్ (ప్రధాన ఫైల్‌సిస్టమ్) మౌంట్ కాలేదు.

బూట్‌లో జాగా కోసం వాడని పాత కెర్నెల్స్ తీసేయాలి. ఏపీటీ (ప్యాకేజీలు పెట్టే, తీసే టూల్) మొరాయిస్తే దాని అడుగున పనిచేసే డీపీకేజీతో --పర్జ్ వాడండి. ముందు యునేమ్ -ఆర్‌తో ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో చూసుకుని, దాన్ని వదిలేసి, వాడని పాత కెర్నెల్ ఇమేజ్‌నీ దాని మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా (అదనపు డ్రైవర్ల) ప్యాకేజీనీ కలిపే తీయాలి. విడిగా అయితే డిపెండెన్సీ అడ్డుపడుతుంది. తర్వాత డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ కొడితే సగంలో ఆగిన ఇన్‌స్టాల్ పూర్తవుతుంది.

రీబూట్‌కు ముందు గ్రబ్ (ఏ కెర్నెల్ లేవాలో ఎంచే బూట్‌లోడర్) డిఫాల్ట్‌ను ‘సేవ్‌డ్’ చేసి, కెర్నెల్ లైన్‌లో ప్యానిక్=10 చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాను. గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో పాతది, గ్రబ్-రీబూట్‌తో ఒక్కసారికి కొత్తది. మళ్లీ ప్యానిక్ అయినా 10 సెకన్లకు పాతదే లేస్తుంది. బూట్ ఎల్‌వీఎంలో (డిస్క్ జాగాను లాజికల్ వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) ఉంటే మాత్రం ఇది నమ్మొద్దు: గ్రబ్ అక్కడ రాయలేదు, ‘ఒక్కసారి’ అన్న గుర్తు చెరగదు.