ఉన్న షాపు వదిలి పనుల్లేని సముద్రం ఒడ్డుకు మారడం సరైనదేనా?

కడప_వైండింగ్:
అందరికీ నమస్కారం. మాది కడప. పద్నాలుగేళ్లుగా మోటారు వైండింగ్ పని చేస్తున్నా. అద్దె షాపు, ఒక కుర్రాడు, బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు. తిండికి లోటు లేదు, మిగిలేదీ పెద్దగా లేదు.

మా ఆవిడ పుట్టిల్లు నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. మామ పోయిన ఏడాది చనిపోయారు. అత్తకు షుగర్, చూపు బాగా తగ్గింది. కడపకు వచ్చేయమంటే ఆ ఇల్లు వదిలి రానంటుంది. మా ఆవిడ ఒక్కతే కూతురు.

ఆ ఊరు రెండుసార్లు తిరిగి చూశా. చేపల వేట, రొయ్యల గుంటలు, కాస్త వరి, అంతే. బోర్డు పెట్టిన కంపెనీ ఒక్కటి లేదు. "పని లేని ఊరికి పోయి ఏం తింటావురా" అంటున్నాడు మా నాన్న. మా ఆవిడ ఏమీ అనదు. రాత్రి అమ్మతో ఫోన్ మాట్లాడి, పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇద్దరు పిల్లలు, పెద్దది ఎనిమిదో తరగతి. వెళ్లి పని వెతుక్కోవాలా, పని చూసుకున్నాకే వెళ్లాలా, అసలు వెళ్లకూడదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆదోని_సుగ్గి:
అన్నా, మీ నాన్న మాటే నా మాట. మాది కోసిగి దగ్గర. మా వైపు సుగ్గికి పోవడం అంటే ఏంటో మీకూ తెలిసే ఉంటుంది. ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు ఊర్లకు ఊర్లు బయల్దేరతాయి. ముసలోళ్లు మాత్రం ఇంటి దగ్గర, మిగతా ఇళ్లకు తాళాలు. చిన్నప్పుడు నేనూ మూడేళ్లు బడి మానేసి అమ్మానాన్నలతో పోయా. అంత కష్టంలో కూడా మా వాళ్లు పని తెలియకుండా బండి ఎక్కలేదు. ఏ ఊరు, ఎవరి చేను, కూలి ఎంత, ఎన్ని రోజులు, అన్నీ మేస్త్రీతో మాట్లాడుకున్నాకే మూట కట్టేవాళ్లు. అక్కడ పక్కన మన ఊరోళ్లే ఉంటారు, జ్వరమొస్తే చూసుకుంటారు. మీరు ఒంటరిగా, పని లేకుండా, పిల్లలతో వెళ్తానంటున్నారు. పద్నాలుగేళ్లు నిలబెట్టుకున్న షాపు అది. అత్తమ్మను ఒప్పించి కడపకు తెచ్చుకోండి.

పెన్నేటిగట్టు:
మాది ప్రొద్దుటూరు. తొమ్మిదేళ్లుగా కోవూరు నుంచి సముద్రం వైపు పల్లెల్లో జనరేటర్లు రిపేరు చేస్తున్నా. అన్నా, బోర్డు లేదని పని లేదనుకుంటున్నారు. ఆ పల్లెల్లో పనికి బోర్డు ఉండదు, గట్టు మీద నిలబడి ఫోన్ చేసే రైతు ఉంటాడు.

రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు చూసే ఉంటారు, నీళ్లలో తిరుగుతూ గాలి కలిపే చక్రాలు. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే ఆక్సిజన్ లాగేసుకుంటుంది. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలకు నీళ్లలో గాలి బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడు మోటార్లు ఆగితే రొయ్య పైకి తేలి గట్టు అంచుకు వచ్చేస్తుంది. ఇక చేతిలో ఉండేది గంటల లెక్కే.

నా కళ్లతో చూసింది ఒకటి చెప్తా. రాత్రి రెండున్నరకు ఒక రైతు జనరేటర్ కోసం పిలిచాడు. పోయి చూస్తే జనరేటర్ బాగానే ఉంది. రెండు ఏరియేటర్ల మోటార్లు కాలాయి. ఒకటి గట్టు మీదికి లాగి, వాళ్లావిడ టార్చి పట్టుకుంటే మూత విప్పాం. వార్నిష్ కాలిన వాసన గుప్పుమంది. తీగ చుట్టి ఉండే స్టేటర్ మీద తెల్లటి ఉప్పు పొర, రాగి తీగల చివర్లు పచ్చగా మారిపోయి ఉన్నాయి. బేరింగ్ తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు. అక్కడ వైండింగ్ తెలిసినవాడు ఎవడూ లేడు. మోటారు బైకుకు కట్టుకుని నెల్లూరు పోయాడు, తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఉన్న రొయ్యను వచ్చిన ధరకు ఇచ్చేశాడు. ఆవిడ ఆ టార్చి ఆపడం కూడా మర్చిపోయి ఎండలో అలాగే పట్టుకుని నిలబడింది.

ఉప్పుగాలి మోటారును బతకనివ్వదు. అలాంటి చోటికి వైండింగ్ తెలిసిన మనిషి పోతే పని లేకపోవడం ఏంటన్నా? మన గండికోట కింద పారే పెన్నేరు సముద్రంలో కలిసేది కూడా ఆ మండలంలోనే, ఊటుకూరు దగ్గర. పరాయి ఊరు అనుకోవద్దు.

తాడిపత్రి_బండ:
పైన తమ్ముడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ సగమే చెప్పాడు. పని దొరుకుతుంది. డబ్బులు ఎప్పుడు దొరుకుతాయి?

నేను తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ పని మానేసి 2013లో తీరం వైపు పోయా. మొదట ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్. నాలుగు నెలల జీతంలో రెండు నెలలది ఇప్పటికీ రాలేదు. ఆ తర్వాత గుంటల దగ్గర సొంతంగా వైరింగ్, ప్యానెల్ బోర్డులు. పిలుపులకు కొదవ లేదు. ఒక్కో రోజు మధ్యాహ్నం అన్నం తినే తీరిక ఉండేది కాదు. అయినా ఇంటికి తెచ్చింది నోటుబుక్కులో పద్దులే. రొయ్యల రైతు చేతికి డబ్బు వచ్చేది పట్టుబడి రోజున, అంటే రొయ్య పట్టి అమ్మే రోజున. గుంటలో రొయ్య పిల్ల వేసిన దగ్గర్నుంచి మూడు, మూడున్నర నెలలు. ఆ రోజు గట్టు మీద ముందు మేత డీలరు, తర్వాత సీడ్ (రొయ్య పిల్ల) ఇచ్చినవాడు, మందుల షాపు, లీజు ఇచ్చిన ఆసామి నిలబడతారు. కరెంటు పని చేసినవాడు వరుసలో ఆఖరు.

ఇక తెల్లమచ్చ జబ్బు వచ్చిందనుకోండి, నెలా నెలన్నరకే గుంట ఖాళీ. రైతు గట్టు మీద తల పట్టుకుని కూర్చుంటాడు. మనకు రావాల్సింది అడగడానికి నోరు రాదు. నేను అడగలేకపోయా. ధర కూడా మన చేతిలో ఉండేది కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ కౌంట్ ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు) పడిపోయాయి. ఎక్కడో కూర్చున్నవాళ్లు తీసుకున్న నిర్ణయం విడవలూరులో మోటారు కట్టేవాడి ఇంటి పొయ్యి దాకా వస్తుంది.

వేట మీద ఆధారపడదామంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. ఐసు ఫ్యాక్టరీ, టీ కొట్టు, ఆటోలు, అన్నీ డల్లే. ఆ రోజులకు సర్కారు ఇచ్చే 20,000 వేటకు పోయే కుటుంబాలకు. మనలాంటి వలస మనిషికి ఏమీ రాదు.

నేను పద్నాలుగు నెలలకు తిరిగొచ్చేశా. పని చేతకాక కాదు, మూడు నెలలు ఆగే శక్తి లేక. అన్నా, మీ దగ్గర ఒక పంటకాలం ఇల్లు నడిచే డబ్బు లేకపోతే వెళ్లొద్దు. ఉంటే ఆలోచించండి.

గుంతకల్లు_రైలు:
అంతకన్నా శ్రీసిటీ వైపు చూసుకోవచ్చు కదా బ్రదర్? ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఒకటో తారీఖు వచ్చేసరికి జీతం, పీఎఫ్, టెన్షన్ ఉండదు.

పెన్నేటిగట్టు:
శ్రీసిటీ ఎక్కడ, విడవలూరు ఎక్కడ బ్రదర్. రోజూ పోయి వచ్చే దూరం కాదు. ఆయన వెళ్తున్నది అత్త దగ్గర ఉండడానికి. శ్రీసిటీలో గది తీసుకునేదానికి కడపలోనే ఉండొచ్చు.

తాడిపత్రి అన్నకు ఒక మాట. పద్దు సంగతి నిజమే, కాదనను. మొదటి ఏడాది నేనూ అలాగే మునిగా. తర్వాత పద్ధతి మార్చుకున్నా. బేరింగ్, తీగ, ఆయిల్ సీల్, సామాను ఖర్చు అంతా ముందే చేతిలో పెట్టాలి. నా కూలి వరకే పట్టుబడి దాకా ఆగుతా. సామాను డబ్బు కూడా ఇవ్వలేనివాడి పని ఒప్పుకోను. మొదట్లో మొహమాటం వేసింది, ఇద్దరు ముగ్గురు రైతులు ముఖం మాడ్చుకున్నారు కూడా. కానీ రాత్రి మూడింటికి పిలిస్తే వచ్చేవాడినని తెలిశాక వాళ్లే ఇచ్చారు.

బద్వేలు_కోడలు:
ఇంతసేపు అన్నలంతా అన్న పని గురించే మాట్లాడారు. అక్క ఏం చేస్తుందో, ఏం కోరుకుంటుందో ఒక్కరూ అడగలేదు.

నేను పెళ్లయిన కొత్తలో ఎనిమిది నెలలు నెల్లూరు వైపు ఒక రొయ్యల ప్లాంటులో చేశా. కంపెనీ బస్సు ఐదింటికే వచ్చేది. పని అంటే తల తీయడం, వొలవడం, నరం లాగడం. అంతా ఐసు నీళ్లలోనే. గ్లౌజులు ఉన్నా వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బిపోయేవి. ఇంటికొచ్చి పచ్చిమిరపకాయ కోస్తే ప్రాణం పోయినట్టుండేది. మాకు కిలోకింత అని ఇచ్చేవాళ్లు, సరుకు రాని రోజు కూలి లేదు. కష్టమే. అయినా ఆ డబ్బు పదిహేను రోజులకోసారి నా చేతికి వచ్చేది, పట్టుబడి దాకా ఆగక్కర్లేదు. మా ఇంట్లో బియ్యం, పాలు నడిచింది దాంతోనే. అక్క ఆ పనికే పోవాలని నేను అనను. అత్తమ్మ చూపు తగ్గింది అంటున్నారు, ఐదింటికి బస్సెక్కితే ఆవిడకు ఇన్సులిన్ ఎవరు వేస్తారు? ఇంట్లో రోజువారీ కాస్త డబ్బు వచ్చే దారి ఇంకేదైనా ఉందేమో అక్కతో కూర్చుని మాట్లాడండి. కుట్టుమిషన్ వచ్చా? అడిగారా?

ఇంకొకటి. అత్తమ్మ పింఛను ఆ ఊళ్లోనే, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి 4,000 ఇస్తారు. ఆవిడను కడపకు తెచ్చుకోమని చెప్పేవాళ్లు అది కూడా లెక్కేసుకోవాలి. చూపు లేని మనిషికి తన ఇంట్లో గోడ తడుముకుంటూ పోయినా దారి తెలుస్తుంది. కడపలో మూడో అంతస్తు అద్దింట్లో ఆవిడ మంచం దిగదు. మా అత్తను అలా తెచ్చి నేను తప్పు చేశాను, అందుకే ఇంతగా చెప్తున్నా.

ఆదోని_సుగ్గి:
అక్క చెప్పిన చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. అత్తమ్మను తీసుకురమ్మన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పిల్లల మాట వదలను. ఏడాది మధ్యలో బడి మార్చొద్దు. నేను పోగొట్టుకున్న మూడేళ్లు మళ్లీ రాలేదు. అన్నా, పోతే ముందు మీరొక్కరే పోండి.

కడప_వైండింగ్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ చదివాక ఊరికే ఉండలేక శుక్రవారం బద్వేలు మీదుగా బస్సెక్కి నెల్లూరు పోయి, అక్కడి నుంచి మా అత్త ఊరికి వెళ్లా. మూడు రోజులు ఉన్నా. గట్లన్నీ తిరిగా. ఎనిమిది మంది రైతులను ఒకే ప్రశ్న అడిగా: మోటారు కాలితే ఎక్కడికి తీసుకెళ్తారు, డబ్బు ఎప్పుడు ఇస్తారు? ఆరుగురు నెల్లూరే అన్నారు. ఇద్దరు కోవూరు. డబ్బు సంగతికొస్తే తాడిపత్రి అన్న చెప్పిందే. షాపువాళ్లకైతే వెంటనే ఇస్తారు, ఊళ్లోకి వచ్చి చేసేవాడికి పట్టుబడికి ఇస్తారు. ఎందుకలా అంటే ఒక పెద్దాయన "షాపులో డబ్బిస్తేనే మోటారు బయటికి వస్తుంది కదయ్యా" అన్నాడు. నాకు అక్కడ దారి కనిపించింది. గట్టు మీద పని చేయను. అత్త ఇంటి ముందు వసారా ఉంది, అక్కడ షాపు పెడతా. మోటారు నా దగ్గరికి రావాలి. రాత్రి పిలిస్తే మాత్రం పోతా.

మా ఆవిడను అడిగా, బద్వేలు చెల్లెమ్మ చెప్పినట్టు. కుట్టు వచ్చు, పెళ్లికి ముందు ఆ ఊళ్లోనే జాకెట్లు కుట్టేదట. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ అడగలేదు. మిషన్ ఇంకా అత్త ఇంట్లో అటక మీదే ఉంది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

డబ్బు లెక్క కూడా చూసుకున్నా. చేతిలో ఉన్నది రెండు నెలలకు చాలుతుంది, పంటకాలానికి చాలదు. కాబట్టి కడప షాపు వదలట్లేదు. కుర్రాడు ఫ్యాన్లు, మిక్సీలు చూసుకుంటాడు, అద్దె పోను వచ్చేది ఇంటికి పంపుతాడు. పిల్లలు, మా ఆవిడ పరీక్షలయ్యేదాకా కడపలోనే మా నాన్న దగ్గర. అప్పటిదాకా అత్తను నేను చూసుకుంటా. ఇన్సులిన్ వేయడం మా ఆవిడ వీడియో కాల్‌లో నేర్పించింది, మొదటిరోజు నా చెయ్యి వణికింది, అత్త చెయ్యి వణకలేదు.

తాడిపత్రి_బండ:
షాపు పెడతానన్నది మంచి ఆలోచన. అయినా నా అనుమానం నాకుంది. ఒక పంట పోతే ఆ ఎనిమిది మందిలో నలుగురు గుంటలు ఎండబెడతారు. కడప షాపు ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీ చేయొద్దు, కనీసం రెండు పంటలు చూసేదాకా.

కడప_వైండింగ్:
చేయను అన్నా. కుర్రాడితో రెండేళ్లకు మాట్లాడుకున్నా.

పెన్నేటిగట్టు:
వచ్చేటప్పుడు వార్నిష్ ఎక్కువ తెచ్చుకోండి. ఒక్క కోటింగ్ ఇక్కడ ఆగదు. కాయిల్ కట్టాక రెండుసార్లు ముంచి, ఒక్కోసారి బాగా ఎండనివ్వాలి. వానాకాలం ఎండ చాలదు, బల్బు పెట్టి అయినా ఆరబెట్టాలి. ఆదివారం నేను అటువైపే వస్తున్నా, ఎనిమిది మందితో పాటు ఇంకో నలుగురి గుంటలు చూపిస్తా.