మా తోటలో కోతులు రెండు రకాలా? తోక చూసి పోల్చుకోవచ్చా?

కొబ్బరితోట:
రావులపాలెం దగ్గర ఏటిగట్టు పక్కన మాకు ఎకరం కొబ్బరి, అందులోనే అరటి. వారం నుంచి కోతులు దిగుతున్నాయండి. గెల మొత్తం తిన్నా బాధ ఉండదు, ఒక్కో కాయా కొరికి పారేస్తున్నాయి. నిన్న ఒకటి బుగ్గలో నిమ్మకాయ పెట్టుకున్నట్టు ఉబ్బించుకుని నన్నే చూస్తూ కూర్చుంది. ఏడో తరగతి చదివే మా మనవరాలు, "తాతయ్యా, వీటిలో కొన్నిటికి నూనె రాసి పాపిడి తీసినట్టుంది, తోక కూడా పొడుగు. మిగతావాటి తోక పొట్టి" అంది. నాకు ఇన్నాళ్లూ కోతి అంటే కోతే. కొండముచ్చు వీటిలోదేనా?

జువాలజీ మాస్టారు:
మీ మనవరాలి కళ్లకు దండం పెట్టాలండి. పాపిడిది బానెట్ మకాక్, దక్షిణాది కోతి. తోక ఒంటికన్నా పొడుగు. రెండోది రీసస్. దాని తోక ఒంట్లో సగం, నడుం కింద బొచ్చు కాస్త నారింజ రంగు. పాత పుస్తకాల్లో ఇటువైపు వీటి సరిహద్దు మన గోదావరే: అవతల రీసస్, ఇవతల బానెట్. ఇప్పుడా గీత చెరిగిపోయింది. రీసస్ దక్షిణానికి దిగుతోంది, పాపిడిది వెనక్కి తగ్గుతోంది. ఒక ఊళ్లో పట్టి ఇంకో ఊళ్లో వదిలేయడం కూడా ఒక కారణం.

ఆ ఉబ్బిన బుగ్గ సంచి అండి. రెండు రకాలకీ ఉంటుంది. గబగబా కుక్కుకుని, చెట్టెక్కి తీరిగ్గా నములుతాయి. కొండముచ్చుకి ఆ సంచి లేదు. దాని పొట్ట గదులు గదులుగా ఉండి ఆకులు పులుస్తాయి, ఆవు పొట్టలోలాగే. అందుకే నల్లమొహంతో చింతచెట్టు మీద కూర్చుని పొద్దస్తమానం ఆకు నములుతుంది.

లంక కుర్రాడు:
మాస్టారూ, తోక లేనివన్నీ చింపాంజీ చుట్టాలేనా?

జువాలజీ మాస్టారు:
అక్కడే పప్పులో కాలేస్తారు! చింపాంజీ, గొరిల్లా, ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే హూలాక్ గిబ్బన్, మనం, వీటికి తోక లేదు, నిజమే. కానీ మన దేవాంగ పిల్లికీ (పేరుకే పిల్లి, రాత్రిపూట తిరిగే లోరిస్ అనే చిన్న జంతువు) లేదు. అదేమో మడగాస్కర్ దీవిలో ఉండే లెమూర్ల వైపు చుట్టం. తడి ముక్కు, రాత్రి మెరిసే కళ్లు, వేళ్లకు మనలాగే గోళ్లు. కాలి రెండో వేలికి మాత్రం ఒళ్లు దువ్వుకోడానికి కొక్కెం లాంటి గోరు. కోతులు, లెమూర్లు, చింపాంజీలు, మనం, ఇలా ప్రైమేట్లు అనే ఈ జాతులన్నీ కలిపి 500 పైనే. ముప్పై గ్రాముల మౌస్ లెమూర్ నుంచి నూట యాభై కిలోలు దాటే మగ గొరిల్లా దాకా ఉన్నాయి. ఒక్క తోకతో తేలే లెక్క కాదది.

గట్టు మీద:
ఇవన్నీ సరే, ఆయనకి గెలలు దక్కేదెలా? మా వైపు కొండముచ్చుని తెచ్చి కట్టేస్తే కోతులు పారిపోయేవి.

జువాలజీ మాస్టారు:
వద్దండి. 1972 వన్యప్రాణి చట్టం కింద కొండముచ్చుని పట్టి కట్టేయడం నేరం. గెలలకి తొడుగులు కట్టి చూడండి, మా బావమరిది అదే చేస్తున్నాడు.

కొబ్బరితోట:
తొడుగులు తెప్పించానండి. ఇవాళ పొద్దున్నే మనవరాలితో కలిసి లెక్కపెట్టాం. పదకొండు. రెండింటికే పాపిడి. అందులో ఒకదాని తోక పొట్టిగా కనబడితే నేను రీసస్ అన్నాను. "తాతయ్యా, తల చూడు. తోక తెగిపోయిందంతే" అంది. దగ్గరికెళ్తే చివర కమిలిన మొండి.