సాలూరు ఘాటీ ఎక్కడానికి బీఎండబ్ల్యూ ఎక్స్1 పాతదా, కొత్తదా? ఏ ఏడాది బండి మేలు?

జయపురం బట్టలకొట్టు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. తాతగారి కాలంలో విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టారు. సరుకుకీ, పెళ్లిళ్లకీ, అమ్మ మోకాళ్ల డాక్టరుకీ ఇప్పటికీ మాకు విశాఖే. కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి, సుంకి, అక్కడ ఘాటీ దిగితే సాలూరు. ఈ దారి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడున్నది క్రెటా డీజిల్. అది అమ్మేసి కొంచెం పెద్ద బ్రాండు బండి తీసుకుందామని ఇంట్లో అందరి కోరిక. బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడీ క్యూ3, మెర్సిడెస్ జీఎల్ఏ ఈ మూడూ చూస్తున్నాం. మనసు ఎక్స్1 మీద ఉంది. విశాఖలో ఒకాయన 2021 ఎక్స్1 డీజిల్ అమ్ముతున్నారు, కొత్తదానిలో సగం ధరకి. షోరూములో కొత్త పెట్రోలు 18ఐ చూపించి, "సార్, ఇది లేటెస్ట్ జనరేషన్, పాతదానికీ దీనికీ పోలికే లేదు" అన్నారు. ఏటా ఏం మారుతోంది? నలుగురు మనుషులు, వెనక సరుకు మూటలు వేసుకుని ఘాటీ ఎక్కితే కొత్తది నిజంగానే బాగా లాగుతుందా? నడిపినవాళ్లు చెప్పండి.

కొండదారి (సునాబెడ):

మాస్టారూ, నాది 2021 ఎక్స్1 ఎస్‌డ్రైవ్20డి (పేరు చివర డి అంటే డీజిల్, ఐ అంటే పెట్రోలు). మీరు తిరిగే దారే నాదీ. కొత్తదాన్ని డీజిలూ పెట్రోలూ రెండూ తోలి చూశాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

"ఏ ఏడాది మోడల్" అన్నది పక్కన పెట్టి, "ఏ తరం, ఏ ఇంజను" అని అడగండి. అమెరికాలో అయితే మోడల్ ఇయర్ అని కంపెనీలే పేరు పెట్టి, వచ్చే ఏడాది బండిని ఈ ఏడాది చివర్లోనే అమ్ముతాయి. మన దగ్గర లెక్కకొచ్చేది ఆర్‌సీలో ఉండే తయారీ నెల, సంవత్సరం. మిగతాదంతా ఏటా ధర పెరగడం, ఒక రంగు పోయి ఇంకోటి రావడం, కింది వేరియంట్‌లో ఏదో ఒక ఫీచరు కలపడమో తీసెయ్యడమో. బండి గట్టిగా మారేది ఫేస్‌లిఫ్ట్‌తోనో (అదే తరం బండికి మధ్యలో చేసే మార్పులు), తరం మారినప్పుడో.

ఎక్స్1 మన దేశానికి 2010 చివర్లో వచ్చింది. ఆ మొదటి తరానికి ఇంజను బలం వెనక చక్రాలకి వెళ్లేది. 2016లో వచ్చిన రెండో తరం ముందు చక్రాల బండి, లోపల చోటు బాగా పెరిగింది. 2020 మార్చిలో దానికే ఫేస్‌లిఫ్ట్ చేసి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) ఇంజన్లు పెట్టారు. నాదీ, మీకు అమ్ముతామంటున్నదీ అదే. 2023 జనవరిలో మూడో తరం వచ్చింది, పెట్రోలు 45.90 లక్షలు, డీజిల్ 47.90 లక్షలు ఎక్స్-షోరూంకి.

ఇక షోరూంవాళ్లు మీకు చెప్పనిది ఇది. రెండో తరం డీజిల్ 20డి. 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్కు (ఇంజను తిప్పే బలం). మూడో తరంలో వచ్చిన డీజిల్ 18డి. అదీ 2 లీటర్ల ఇంజనే కానీ 150 హార్స్‌పవర్, 360 టార్కు. పెట్రోల్లో ఇంకా తగ్గింది. పాత 20ఐ నాలుగు సిలిండర్లది, 192 హార్స్‌పవర్, 280 టార్కు. కొత్త 18ఐ 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను, 136 హార్స్‌పవర్, 230 టార్కు. మీ క్రెటా డీజిల్ టార్కు ఎంతో తెలుసా? 250. హార్స్‌పవర్ కొత్త 18ఐకే ఎక్కువ, హైవే మీద అదే ముందుంటుంది. కానీ ఘాటీలో తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర, నిండు బరువుతో లాగేటప్పుడు పని చేసేది టార్కు. యాభై లక్షలు పోసి కొన్నాక సుంకి దగ్గర "మన క్రెటాయే నయం" అని ఇంట్లో ఎవరో అన్నారంటే అది తప్పు మాట కాదు.

సున్నా నుంచి వంద స్పీడుకి కంపెనీ లెక్క ప్రకారం పాత 20డికి 7.9 సెకన్లు, కొత్త 18డికి 8.9, 18ఐకి 9.2. ఈ సెకన్లతో మనకి పెద్ద పని లేదు. మనకి కావలసింది వేరు.

సాలూరు నుంచి పైకి వచ్చేటప్పుడు లోడు లారీ వెనక పడ్డారనుకోండి. పదిహేను, ఇరవై స్పీడులో పాకుతూ ఉంటాం. హెయిర్‌పిన్ మలుపు దాటాక కొద్దిపాటి తిన్నని రోడ్డు కనిపిస్తుంది, ఎదురుగా ఏమీ లేదు, హారన్ కొట్టి దాటెయ్యాలి. ఆ క్షణంలో పెడల్ తొక్కితే బండి ఏం చేస్తుందన్నదే నా దృష్టిలో పెర్ఫార్మెన్స్. నా దాంట్లో ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. ఒక గేరు దించి, 1750 ఆర్‌పీఎం నుంచే 400 టార్కు అందుకుని, శబ్దం కూడా పెంచకుండా లారీని దాటేస్తుంది. కొత్త 18డిలో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్. అక్కడ ఒక్క లిప్త ఆలోచిస్తుంది, ఆ తర్వాత గట్టిగానే లాగుతుంది. 18ఐ కూడా గేరు దించుతుంది కానీ ఇంజనుని పైకి తిప్పాలి. మూడు సిలిండర్ల శబ్దం లోపలికి వినిపిస్తుంది, దాటడానికి మీకు ఇంకొంచెం రోడ్డు కావాలి. ఒంటరిగా ఉంటే పర్వాలేదు. అమ్మగారు పక్కన ఉంటే టెన్షన్.

కొత్తదాంట్లో మెరుగైనవి లేవని కాదు. సీట్లు మెత్తన, గుంతల మీద కుదుపు తక్కువ, వెనక కాళ్లకి చోటు ఎక్కువ, రెండు స్క్రీన్లు ఒకే వంపుతో చాలా అందంగా ఉంటాయి. పాత ఎక్స్1 సస్పెన్షన్ గట్టిది. రన్‌ఫ్లాట్ టైర్లు (పంక్చరైనా కొంత దూరం నడిచే గట్టి టైర్లు) కూడా ఉంటే వానాకాలంలో పొట్టంగి దగ్గర రోడ్డు వెన్నుకి తెలుస్తుంది. అమ్మగారి మోకాళ్ల గురించి రాశారు కనక ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిణ్ణి రెండు బళ్లలోనూ ఎక్కించి, దింపి, వెనక సీట్లో కాసేపు కూర్చోబెట్టి చూడండి.

నా మాట: కొత్తదే కావాలంటే 18డి తీసుకోండి, 18ఐ మన కొండలకి వద్దు. సెకండ్ హ్యాండ్ పర్వాలేదంటే ఆ 2021 డీజిలే మంచి బండి. పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ శుభ్రపడాలంటే ఇంజను వేడెక్కేలా దూరం నడవాలి. విశాఖ రాకపోకలు ఉన్న మీకు ఆ బెంగ లేదు. ఊళ్లోనే తిరిగేవాళ్లకైతే డీజిల్ వద్దనే చెబుతాను.

రాయగడ దంతవైద్యురాలు:

పైన కొండదారి గారు చెప్పినదంతా నిజం. క్యూ3 గురించి నేను చెబుతాను, నాది ఆ బండే.

ఇప్పటి క్యూ3లో డీజిల్ లేదు. బీఎస్6 వచ్చినప్పుడే ఆడీ మన దేశంలో డీజిల్ మానేసింది. ఉన్నది 2 లీటర్ల పెట్రోలు, 190 హార్స్‌పవర్, 320 టార్కు, నాలుగు చక్రాలకీ బలం వెళ్లే క్వాట్రో. సున్నా నుంచి వందకి 7.3 సెకన్లు. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వచ్చేటప్పుడు వాన పడి రోడ్డు మీదకి ఎర్రమట్టి కొట్టుకొస్తుంది కదా, ఆ బురద మీద ఈ బండి జారదు. ఆ ధైర్యం కోసమే నేను కొన్నాను. వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వీపు భాగం వాలుతుంది, పెద్దవాళ్లకి సుఖం. ఘాటీలో పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది, అది ముందే లెక్క వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకి ఒక హెచ్చరిక. పాత క్యూ3 బీఎస్4తో ఆగిపోయింది, కొత్త తరం 2022 ఆగస్టు చివర్లో వచ్చింది. మధ్యలో అమ్మకాలే లేవు. "2021 మోడల్ క్యూ3" అని ఎవరైనా ప్రకటన ఇస్తే ముందు ఆర్‌సీ అడగండి. జీఎల్ఏలో కూడా రెండో తరం మన దగ్గరికి 2021 మే చివర్లోనే వచ్చింది.

పార్వతీపురం ఆర్‌సీ పనులు:

బండి ఏదైనా మీ ఇష్టం, కానీ ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి ఒడిశాకి తెచ్చుకుంటే కాగితాల పని మర్చిపోవద్దు అన్నయ్యా. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని చట్టం. ముందు ఆంధ్రాలో ఫారం 28 పెట్టి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. ఫైనాన్సు ఉంటే బ్యాంకు క్లియరెన్సు కూడా. తర్వాత ఒడిశాలో ట్యాక్సు కట్టి ఓడీ-10 (కోరాపుట్ జిల్లా) నంబరు తీసుకోవాలి. ఆంధ్రాలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి రీఫండుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ పని అమ్మేవాడి సంతకాలు లేకుండా జరగదు, కనక డబ్బు మొత్తం ఇచ్చేముందే సంతకాలు పెట్టించుకోండి. బేరంలో ఒడిశా ట్యాక్సు కూడా కలిపి చూసుకోండి, సగం ధర అన్నది సగం కాకుండా పోతుంది.

బరంపురం హైవే:

కరెంటు బండి ఎవరూ ఎత్తలేదేంటి? ఎక్స్1కే కరెంటు రూపం ఐఎక్స్1, దాని పొడుగు రకం (లాంగ్ వీల్‌బేస్) 2025 జనవరిలో 49 లక్షలకి వచ్చింది. అంటే పెట్రోలు ఎక్స్1కి దగ్గర్లోనే. 204 హార్స్‌పవర్, 66.4 కిలోవాట్ అవర్ బ్యాటరీ, ఒకసారి చార్జింగ్ చేస్తే పరీక్ష లెక్కలో 531 కిలోమీటర్లు. వెనక సీటులో చోటు చూస్తే పైన రాసిన ఏ బండీ దీనికి సాటి రాదు. గేర్లే లేవు కనక లారీ దాటేటప్పుడు ఆలోచించే ప్రసక్తే లేదు.

జయపురం బట్టలకొట్టు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. క్రెటా కంటే టార్కు తక్కువన్న సంగతి షోరూములో ఒక్కరూ చెప్పలేదు. నేను కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగితే అప్పుడు ఒప్పుకున్నారు. పైగా, మాకు ఇస్తామన్నది నిరుడు తయారైన బండి అని కూడా అప్పుడే బయటపడింది. ఇన్వాయిస్ మాత్రం ఈ ఏడాదిది.

కరెంటు బండి అమ్మకి నచ్చుతుంది కానీ సాలూరు నుంచి పైకి చార్జింగ్ మీద నాకింకా ధైర్యం లేదు. 2021 డీజిల్ చూడ్డానికి వెళ్తున్నాను. ఏమేం చూడాలి?

కొండదారి (సునాబెడ):

ఐఎక్స్1 గురించి ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. ఎక్కేటప్పుడు బ్యాటరీ వేగంగా దిగినా, దిగేటప్పుడు ఘాటీ కొంత తిరిగి ఇస్తుంది. విశాఖలో రాత్రి చార్జింగ్ పెట్టుకునే చోటు, జయపురంలో ఇంటి దగ్గర చార్జరు ఉంటే ఆలోచించవచ్చు. లేకపోతే ఇప్పటికి వద్దు.

నిరుడు తయారైన కొత్త బండి తీసుకోవడంలో తప్పు లేదు, దానికి తగ్గ తగ్గింపు ఇస్తేనే. మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆర్‌సీలో తయారీ సంవత్సరమే, మీ ఇన్వాయిస్ తేదీ కాదు. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ సెస్సు పోయి 40 శాతం అయింది. అంతకుముందు అన్నీ కలిపి 45 నుంచి 50 దాకా ఉండేది. అందుకని పాత ధరల పట్టిక చూపించి అందులోంచి "డిస్కౌంట్" అంటే ఒప్పుకోకండి. సెకండ్ హ్యాండ్ బేరం కూడా ఈ తగ్గిన ధర పక్కన పెట్టుకునే చెయ్యండి.

2021 బండి దగ్గరికి వెళ్లాక ముందు టైర్ల పక్క చూడండి. అండాకారంలో నాలుగు అంకెలు ఉంటాయి. 3421 అంటే 2021లో 34వ వారం టైరు. నాలుగు టైర్లూ ఒకే కాలానివైతే మంచిదే. ఒకటే కొత్తదైతే ఎందుకు మార్చారో అడగండి. చేత్తో లోపలి గోడ కూడా తడమండి, గుంతల్లో దెబ్బ తింటే బుడిపె తగులుతుంది. అద్దాల మీద కూడా తయారీ గుర్తులు ఉంటాయి, ఒక అద్దం వేరుగా ఉంటే అటువైపు ఏదో జరిగింది. సీట్ల మధ్య స్క్రీన్‌ని నడిపే గుండ్రటి ఐడ్రైవ్ నాబ్ ఉండాలి. అది రెండో తరం గుర్తు, మూడో తరంలో తీసేశారు. డిక్కీలో స్టెప్నీ ఉందా, రన్‌ఫ్లాట్ల మీదే నడుస్తోందా చూడండి. సుంకి దగ్గర టైరు పోతే ఆ సైజు దొరకాలంటే విశాఖో భువనేశ్వరో ఫోను చెయ్యాల్సిందే.

సర్వీసు చరిత్ర కంపెనీ కంప్యూటర్లోంచి తీయించండి, కాగితం ఫైలు సరిపోదు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్యండి.

విశాఖ వెళ్లేముందు ఒకసారి ఫోను చెయ్యండి. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. అమ్మగారిని కూడా తీసుకొస్తే నా బండి మీరే తోలి సుంకి దాకా వెళ్లొద్దాం.

జయపురం బట్టలకొట్టు:

తప్పకుండా సార్. ఆదివారం కొట్టు సెలవే. పొద్దున్నే బయల్దేరి వస్తాం, మూటలు కూడా రెండు వేసుకొస్తాను.