ఆదికాండం 1, 2 అధ్యాయాలు: సృష్టి వృత్తాంతం ఒకటా, రెండా?

నిరీక్షణ: మొదటి అధ్యాయంలో మూడో రోజు చెట్లు, ఐదో రోజు చేపలు, పక్షులు, ఆరో రోజు జంతువులు, ఆ తర్వాత స్త్రీపురుషులు. రెండో అధ్యాయంలోనేమో ముందు నరుడు, తర్వాత తోట, జంతువులు, ఆఖరున స్త్రీ. బైబిల్ స్టడీలో అడిగితే "అనుమానించకూడదు" అన్నారు. మీరెలా చదువుతున్నారు?

వాక్యధ్యాని: సిస్టర్, మొదటిది మొత్తం సృష్టి. రెండోది ఆరో రోజు ఏదెనులో ఏం జరిగిందో వివరంగా చెప్పడం. జంతువుల్ని అంతకుముందే చేశాడు, ఇక్కడ ఆదాము దగ్గరికి తెచ్చాడు, అంతే. నిర్గమకాండం 20:11 ఆరు దినాలని స్పష్టంగా అంటోంది. ఈ ప్రశ్నలన్నీ డార్విన్ తర్వాత వచ్చినవే.

ఏటిగట్టు: బ్రదర్, డార్విన్ కంటే పదహారు వందల ఏళ్ల ముందే, మూడో శతాబ్దంలో, తొలినాటి క్రైస్తవ పండితుడు ఓరిగెన్ అడిగాడు: సూర్యుడు లేకుండా మొదటి మూడు దినాలు ఎలా గడిచాయని. దేవుడు అన్నీ ఒక్కసారే సృష్టించాడని, ఆరు దినాలు గడియారం లెక్క కాదని మరో తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ రాశాడు. వీళ్లిద్దరూ విశ్వాసులే.

ఇక "వివరంగా చెప్పడం" అన్న మాట. 2:5 చూడండి. పొలంలో మొక్క లేదు. కారణం కూడా అక్కడే ఉంది: వాన కురవలేదు, నేలను దున్నడానికి మనిషి లేడు. 2:18లో నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదంటాడు దేవుడు. వెంటనే నేల మట్టితో జంతువుల్ని, పక్షుల్ని చేసి తెస్తాడు. ఆదాము పేర్లు పెడతాడు, తోడు మాత్రం దొరకదు. అప్పుడే స్త్రీ. జంతువులు ముందే ఉన్నాయంటే ఆ ఒంటరితనం నుంచి స్త్రీ దాకా సాగే కథ మధ్యలో తెగిపోతుంది. వరుస మార్చి సర్దేస్తే మనం కాపాడుతున్నది వాక్యాన్ని కాదు, మన లెక్కను.

మొదటి అధ్యాయం పద్ధతే వేరు. మొదటి రోజు వెలుగు, నాలుగో రోజు జ్యోతులు. రెండో రోజు ఆకాశం, నీళ్లు. ఐదో రోజు పక్షులు, చేపలు. మూడో రోజు ఆరిన నేల, ఆరో రోజు దాని మీద బతికేవి. ముందు చోటు, తర్వాత అందులో ఉండేవాళ్లు. ఏడో రోజు విశ్రాంతి. మీరు చూపిన నిర్గమకాండం 20:11లోని విశ్రాంతి దినపు ఆజ్ఞకి ఆధారం ఈ వారం నమూనాయే. దానికోసం రెండో అధ్యాయాన్ని వంచక్కర్లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టినవాళ్లకి ఈ తేడా కనబడలేదనుకోను. చూసి కూడా రెండూ ఉంచారు.

వాక్యధ్యాని: మరి మత్తయి 19లో యేసు ప్రభువు "పురుషునిగాను స్త్రీనిగాను" అన్న మొదటి అధ్యాయం మాటనీ, "ఏకశరీరము" అన్న రెండో అధ్యాయం మాటనీ కలిపే చెప్పాడు కదా?

ఏటిగట్టు: చెప్పాడు. మీ వాదనలో బలమైనది ఇదే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పరిసయ్యులు (ఒక యూదు మతశాఖ వాళ్లు) అడిగింది విడాకుల గురించి. ఆయన రెండు చోట్ల నుంచీ తీసుకుని జవాబిచ్చింది వివాహం గురించే. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఊసే ఎత్తలేదు.

నిరీక్షణ: అంటే రెండింటినీ నమ్మొచ్చు, ఒకే క్రమంలోకి ఇరికించక్కర్లేదు అంటారు. అలాగైతే జలప్రళయంలో ఓడలోకి తీసుకెళ్లే జంతువుల్ని 6:19లో రెండేసి, 7:2లో పవిత్రమైనవైతే ఏడేసి జతలు అన్నచోట కూడా ఇలాగే చదవాలా అన్నయ్యా?