ఇంజను ఇంట్లో విప్పాలా, ఆటోనగర్‌లో ఇవ్వాలా?

పటమట కుర్రోడు:
నాన్న 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి. బెంజ్ సర్కిల్ సిగ్నల్‌లో ఆగితే వెనకున్న ఆటో కనపడనంత పొగ. కిక్కు కొడితే పాత బిగువు లేదు. ఇంజను బోరుకొచ్చినట్టే, అంటే సిలిండరు లోపలి గోడ అరిగి మళ్లీ చెక్కించాల్సిందే. ఆదివారం వరండాలోనే విప్పి, పనిలో పనిగా దానికన్నా పెద్దదైన ఆర్‌ఎక్స్ 135 బ్లాకు (సిలిండరు) ఎక్కిద్దామని నా ఆలోచన. మావయ్యేమో "విప్పడం నీ వంతు, గోనెసంచిలో ఆటోనగర్‌కి మోయడం నా వంతు" అంటున్నాడు. చేసినవాళ్లు చెప్పండి, ఇంట్లో అయ్యే పనేనా?

కృష్ణలంక కిక్కు:
ఎందుకవదు తమ్ముడూ? టూ స్ట్రోకు ఇంజను హెడ్డులో వాల్వుల్లేవు, టైమింగ్ చైను లేదు. హెడ్డు తీస్తే బ్లాకు, బ్లాకు తీస్తే పిస్టను. నేను రెండుసార్లు విప్పా, రెండుసార్లూ స్టార్టయింది. షాపులో ఇస్తే ఏం వేశాడో, ఏం వదిలేశాడో నీకెప్పటికీ తెలీదు.

ఆటోనగర్ లేతు:
కిక్కు గారూ, మీకు కుదిరింది, సంతోషం. ప్రతి సోమవారం పొద్దున్నే మా షాపు ముందు దిగే గోనెసంచుల సంగతి నన్నడగండి. మొన్న ఒకాయన పిస్టనులోని గుడ్జన్ పిన్నుని పట్టి ఉంచే సర్‌క్లిప్ పీకుతుంటే అది ఎగిరి కిందున్న క్రాంక్ కేసులో పడింది. కేసు మూతికి పాతగుడ్డ కుక్కి ఉంటే పోయేది. గుడ్డ ముక్కకి బదులు కేసంతా విప్పించుకున్నాడు. ఇంకొకాయన పిస్టను తిరగేసి బిగించాడు. పైనున్న బాణం గుర్తు సైలెన్సర్ వైపుండాలి. అలా ఉంటేనే పిస్టను చుట్టూ ఉండే రింగుల కొసలు పోర్టులకి (బ్లాకు గోడలోని కంతలకి) ఎదురు రావు. ఆయన తిరగేసేసరికి రింగు కొస పోర్టులో తగులుకుని విరిగింది, లైనరంతా (బ్లాకు లోపలి గొట్టం) గీతలు.
విప్పడం తప్పనను. బోరు కొట్టడం, క్రాంకు ప్రెస్ చేయడం మాత్రం వరండాలో అయ్యేవి కావు.

పటమట కుర్రోడు:
బోరు మీ దగ్గరే కొట్టిస్తానండీ బాబూ! అడిగింది 135 బ్లాకు గురించి.

బ్రాడీపేట నాలుగో లైను:
దానికి నేను చెబుతా, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నా కాబట్టి. హండ్రెడ్ బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, 135ది 58. స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం) రెండిటికీ 50. అంటే 98 సీసీ కాస్తా 132 అవుతుంది. లైనరు దిగాలంటే కేసు మూతి కూడా లేతు మీద పెంచాలి. పెంచాక మళ్లీ తగ్గించలేం. నేనదంతా చేయించి, కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్టు పాతదే ఉంచేశా. మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు గాలి చొరబడకుండా ఆపే క్రాంకు సీలు కూడా పాతదే. వారం రోజులు పికప్ చూసి మురిసిపోయా. మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి వస్తూ వారధి మీద మూడో గేరులో లాగుతున్నా, ఒక్కసారిగా కీచుమని వెనక చక్రం పట్టేసింది. చెయ్యి క్లచ్ మీదే ఉంది కాబట్టి ఇది రాస్తున్నా. ప్లగ్గు తీస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కాఫీపొడి రంగులో ఉండాల్సింది. సీలులోంచి గాలి లాగుతోంది, జెట్టు చాలినంత పెట్రోలు ఇవ్వట్లేదు, పిస్టను కాలి కరుచుకుంది.

ఆర్‌సీ చూశారా:
ఆర్‌సీలో 98 సీసీ అని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాడికి ఇదే సాకు.

కృష్ణలంక కిక్కు:
అలాగైతే ఓవర్‌సైజు పిస్టను వేసిన ప్రతివాణ్నీ జైల్లో పెట్టాలి సార్!

ఆటోనగర్ లేతు:
అది రిపేరు. 0.25 మిల్లీమీటర్ల నుంచి మొదలెట్టి ఆఖరి 1.00 సైజుకి పోయినా 102 సీసీ దగ్గరే ఆగుతుంది. 132 వేరే లెక్క.
కుర్రోడా, అసలు పొగ బోరుదేనని ఎవరు చెప్పారు? క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేరాయిల్ తాగి తెల్లగా కక్కుతుంది. పానా పట్టే ముందు గేరాయిల్ దింపి చూడు.

పటమట కుర్రోడు:
దింపా. మూణ్నెల్ల కింద నేనే పోసిన ఆయిలు, సగం కూడా రాలేదు. సీలు పోయినట్టే.
అయినా హెడ్డు, బ్లాకు తీశా (గుడ్డ కుక్కాను లేతు గారూ). పిస్టను నెత్తి మీద మసి గోకితే 0.25 అని ముద్ర. ఇదివరకే ఒకసారి బోరు కొట్టించారన్నమాట, నాన్నకే గుర్తులేదు. రింగుని బ్లాకులో పెట్టి, పిస్టనుతో తిన్నగా కిందికి నెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) దూర్చా. సందు 0.8 మిల్లీమీటర్లు!

ఆటోనగర్ లేతు:
బోరు 25 మిల్లీమీటర్లకి సందు 0.1 లెక్కన, నీ బండికి 0.2 దగ్గర ఉండాలి. కొంచెం ఎక్కువున్నా పర్లేదు గానీ 0.8 అంటే బిగువెక్కడిది? రింగులు తెచ్చేసుకోకు. బ్లాకు పట్రా, కొలిచి చెబుతా. అరుగుదల ఒకవైపే ఎక్కువుంటే కొత్త రింగులేసినా దండగే.

పటమట కుర్రోడు:
కొలిచారు, 0.50కి వెళ్లాల్సిందే అన్నారు. సరే, 135 మానేశా. 0.50 పిస్టను, రెండువైపులా సీళ్లు. మ్యాగ్నెట్ దగ్గర ఆగిపోయా, సుత్తితో కొడితే వస్తుందంటున్నాడు మావయ్య.

బ్రాడీపేట నాలుగో లైను:
సుత్తి ముట్టుకోకు. మ్యాగ్నెట్ ఊడలాగే పుల్లరు నా దగ్గరుంది. శనివారం బెజవాడ వస్తున్నా, ఇస్తా. మావయ్యకి మాత్రం చూపించకు.