భద్రతా వ్యవహారాల ఉపన్యాసానికి వీడియో ఉండాలా, చాథమ్ హౌస్ నియమం పెట్టాలా?

తూర్పుగాలి: అంతర్జాతీయ భద్రత మీద యూనివర్సిటీల్లో జరిగే బహిరంగ ఉపన్యాసాలకు చాథమ్ హౌస్ నియమం పెట్టాల్సిందే. కెమెరా ఎదురుగా ఉంటే ఏ విశ్రాంత అధికారైనా పత్రికా ప్రకటనే చదువుతాడు. చైనా సరిహద్దు గురించి అడిగి చూడండి, తెలుస్తుంది.

మూడోబెంచీ: ముందు ఆ నియమం ఏమంటుందో చూడండి సార్. 1927లో లండన్‌లోని చాథమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ రాసుకున్నది, 1992లో, 2002లో సవరించారు. విన్న విషయం వాడుకోవచ్చు. ఎవరన్నారో, వాళ్లది ఏ సంస్థో మాత్రం బయటపెట్టకూడదు. వక్త ఫొటోతో ఊరంతా పోస్టర్లు అంటించాక ఇంకేం దాస్తారు? "నిన్న ఉపన్యాసంలో విన్నా" అంటే చాలు, మనిషి దొరికిపోతాడు.

తూర్పుగాలి: పోస్టర్ సంగతి సరే. 2021లో పెన్షన్ నిబంధనలు మార్చాక ఆ విశ్రాంత అధికారుల భయం వాళ్లకుండదా?

రికార్డుబటన్: ఆ సవరణ అందరికీ కాదండీ. సమాచార హక్కు (ఆర్‌టీఐ) చట్టం రెండో షెడ్యూలులో ఉన్న గూఢచార, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లకే: రా, ఐబీ, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వగైరా. తమ సంస్థ పరిధిలోని విషయాలు ప్రచురించాలంటే సంస్థ అధిపతి ముందస్తు అనుమతి కావాలి, లేకపోతే పెన్షన్‌కే ఎసరు. డీఆర్‌డీఓ ల్యాబులున్న హైదరాబాద్‌లో నిర్వాహకులకు ఇది తరచూ ఎదురయ్యే చిక్కే. ఆహ్వానంలోనే "అనుమతి తీసుకున్నారా?" అని అడిగేయాలి. చాథమ్ నియమం చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం, పెన్షన్‌ను కాపాడదు. రాయబారులది వేరే లెక్క. విదేశాంగ శాఖే విశ్రాంత రాయబారులను యూనివర్సిటీలకు పంపి మాట్లాడిస్తోంది.

మూడోబెంచీ: రికార్డు ఎందుకంటే, 2007 ఫిబ్రవరిలో మ్యూనిక్ భద్రతా సదస్సులో నాటో విస్తరణను పుతిన్ దుయ్యబట్టిన ప్రసంగం పూర్తిపాఠం ఉండబట్టే 2014లో క్రిమియా ఆక్రమణప్పుడు, 2022లో ఉక్రెయిన్ యుద్ధమప్పుడు దాన్ని వాక్యం వాక్యం తిరగేయగలిగాం. పేరు లేని మాటను రేపు ఎవరు నిలదీస్తారు?

తూర్పుగాలి: అది దేశాధ్యక్షుడి ప్రసంగం, రాసుకొచ్చి చదివింది. నేనడిగేది ప్రశ్నోత్తరాల గురించి.

రికార్డుబటన్: అయితే బహిరంగ సభను, ఆంతరంగిక చర్చను విడదీయండి. నలభై నిమిషాల ప్రసంగం, అరగంట ప్రశ్నలు, రెండూ రికార్డులోనే. ప్రశ్నలు చీటీల మీద తీసుకోండి, మైకు చేతికిస్తే ప్రశ్న పేరుతో ఇంకో ఉపన్యాసం మొదలవుతుంది. తర్వాత వేరే గదిలో పదిహేను ఇరవై మందితో గంటసేపు, నియమం అక్కడ పెట్టండి. మొదలుపెట్టే ముందే చెప్పాలి. వక్త నోరు జారాక "ఇది బయటికి పోకూడదు" అంటే కుదరదు. హాజరైనవాళ్ల జాబితా కూడా బయటికి పోకూడదు. మనవాళ్లు తప్పేది ఇక్కడే: మీటింగ్ అవ్వగానే నిర్వాహకులే గ్రూప్ ఫొటో తీసి పేర్లతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు.